స్వల్పకాలం

త్రినాథ్ తన నివేదిక ముసాయిదాను ప్రొఫెసర్ సువార్తమ్మగారి బల్ల మీద పెట్టి ఏడు వారాలైంది. మొదటి వారం అది ఫైళ్ళ మీద ఉంది. మూడో వారానికి ఫైళ్ళ కిందికి వెళ్ళింది. ఆ తర్వాత ఎక్కడుందో అతనికి కనిపించలేదు.

గడువు జూలై పదిహేను. ఎక్కడో ఒక చిన్న దేశం దగ్గర డాలర్లు అయిపోవస్తున్నాయి. ఇంకో ఏడాదిలో మందులు, గోధుమపిండి, కిరసనాయిలు బయటినుంచి కొనుక్కోలేని స్థితి వస్తుంది. ఆ దేశం తన డబ్బు విలువను ఎంత తగ్గించుకోవాలి, ఎప్పుడు తగ్గించుకోవాలి అని సలహా చెప్పడానికి ఒక అంతర్జాతీయ సంస్థ ముగ్గురిని ఎంచుకుంది. అందులో చిన్నవాడు త్రినాథ్. పిహెచ్.డి. పట్టా ఇంకా చేతికి రాలేదు. ఆ వయసులో అలాంటి పిలుపు వచ్చినవాళ్ళు ఆ విశ్వవిద్యాలయంలో అతనికి ముందు ఒక్కరే ఉన్నారు. సువార్తమ్మగారు.

త్రినాథ్‌ది పలాస. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి చదివించింది. డిగ్రీలో ఉండగా అతనికి సువార్తమ్మగారి వ్యాసం ఒకటి జిరాక్సు కాపీగా దొరికింది. అది చదివి, అర్థమైన మేరకే పొంగిపోయి, ఈవిడ దగ్గరే చదవాలని హైదరాబాదు వచ్చాడు.

ఆ వ్యాసం ఒక ద్వీపదేశం గురించి. ఆ దేశం పేరు ఇక్కడ అనవసరం. ముప్పై మూడేళ్ళ క్రితం అక్కడ కూడా డాలర్లు అయిపోయాయి. పిండి తెచ్చిన ఓడ సరుకు దించకుండా రేవు బయటే నిలబడిపోయింది. అప్పుడు వెళ్ళిన ముగ్గురు నిపుణుల్లో సువార్తమ్మగారు ఒకరు. ఆ దేశం డబ్బు విలువను ఒక్కరోజులో నలభై శాతం తగ్గించమన్నారు. పిండి మీద ప్రభుత్వం ఇచ్చే రాయితీ ఎత్తేయమన్నారు. ప్రభుత్వం అలాగే చేసింది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ దేశం లేచి నిలబడింది. ఎలా నిలబడిందో లెక్కలతో చూపించిన వ్యాసం అది. ప్రపంచంలో ఎక్కడ అంతర్జాతీయ ఆర్థికశాస్త్రం చెప్పినా ఆ వ్యాసం చెప్పకుండా పాఠం పూర్తికాదు.

వ్యాసం పేరు చివర 'మొదటి భాగం' అని ఉంటుంది. రెండో భాగం రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళకు ఆవిడ టీ ఇచ్చి వేరే సంగతి మాట్లాడేవారు.

ఆవిడ గురించి డిపార్ట్‌మెంట్‌లో ఇంకో మాట కూడా ఉంది. జూన్‌లో కుదరదు. ఎంత పెద్ద సమావేశమైనా, ఎవరు పిలిచినా, జూన్ అంటే ఆవిడ రారు. ఢిల్లీలో రెండుసార్లు పెద్ద పదవి ఇస్తామన్నారట. జూన్ నెల సెలవు ఇస్తారా అని అడిగారట. ఆ దీవిలో ఆవిడకు సముద్రం ఒడ్డున బంగళా ఉందని కొందరు అనేవారు. ప్రభుత్వం ఇచ్చిందని ఇంకొందరు. పదవీ విరమణ చేసి రెండేళ్ళయినా ఆ అలవాటు మారలేదు.

మే నెల చివర త్రినాథ్ ఉండబట్టలేక గదిలోకి వెళ్ళాడు.

"మేడమ్, నా ముసాయిదా చూశారా?"

"చూశాను."

"ఎలా ఉంది?"

ఆవిడ ఏదో విద్యార్థి పరీక్షపేపరు దిద్దుతున్నారు. ఆ పేజీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

"జూన్‌లో ఏం చేస్తున్నావు?" అన్నారు.

*

విమానంలో ఆవిడ ఎక్కిన దగ్గరనుంచి దిగేదాకా నిద్రపోయారు. త్రినాథ్‌కు నిద్రపట్టలేదు. ప్రొఫెసర్ తనను ఆ ద్వీపదేశపు కేంద్ర బ్యాంకు గవర్నరుకు పరిచయం చేయబోతున్నారని అతని నమ్మకం. టై ఒకటి కొనుక్కుని పెట్టెలో పెట్టుకున్నాడు.

ఆవిడవి రెండు పెట్టెలు. ఒకటి చిన్నది. రెండోది అతను మోయలేకపోయాడు. పుస్తకాలనుకున్నాడు. దీవిలో దిగాక కస్టమ్స్ అధికారి దాన్ని తెరిపించాడు. లోపల పుస్తకాలు లేవు. సుద్దముక్కల డబ్బాలు పది, పలకలు పాతిక, మిగతా అంతా కళ్ళజోళ్ళు. సుల్తాన్‌బజార్ తోపుడుబండి మీద అమ్మే చత్వారం కళ్ళజోళ్ళు. ఒక్కొక్కటి పాత దినపత్రిక ముక్కలో చుట్టి ఉంది.

వ్యాపారానికా అని అధికారి అడిగాడు. ఆవిడ అతనికి వేరే భాషలో ఏదో చెప్పారు. అది ఇంగ్లీషు కాదు, ఫ్రెంచి కాదు. ఆ యువకుడు ఒక్కసారి ఆవిడ మొహంలోకి చూసి, పెట్టె తనే మూసి, తనే బండి మీద పెట్టాడు.

"ఏం చెప్పారు మేడమ్?"

"నలభై దాటినవాళ్ళకు దగ్గరివి కనిపించవని చెప్పాను."

బంగళా లేదు. ఊళ్ళో నన్‌లు నడిపే ఒక వసతిగృహంలో ఆవిడకు మెట్లకింద చిన్న గది. ఇంచుమించు ముప్పై ఏళ్ళుగా అదే గదట. త్రినాథ్‌కు ఎదురుగది ఇచ్చారు. వసతిగృహం చూసుకునే సిస్టర్ బెనెడిక్టా దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళ మనిషి. సువార్తమ్మగారిని చూసి ఆమె హడావిడి పడలేదు. పొద్దున బజారుకు వెళ్ళినామె సాయంత్రం ఇంటికి వచ్చినట్టే చూసి, నీళ్ళు కాగాయి స్నానం చేయమంది.

మర్నాడు ఇద్దరూ రేవు దాకా నడిచారు. త్రినాథ్ ఆ రేవును ఎప్పుడూ చూడలేదు, కానీ అంకెల్లో అతనికి కంఠతా వచ్చు. ఏ ఏడు ఎన్ని టన్నుల చేప ఎగుమతి అయిందో, ఎన్ని ఓడలు ఆగాయో చెప్పగలడు. ఇప్పుడు ఆ అంకెలు కళ్ళముందు కదులుతున్నాయి. ఒడ్డు పొడవునా క్రేన్లు. చేపలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ గొట్టాల్లోంచి తెల్లటి ఆవిరి. కొండవాలున వరసగా హోటళ్ళు. నీళ్ళ మీద ఎండ పడి మెరుస్తోంది. కాగితం మీద పైకెక్కిన ఒక గీత నిజంగా ఇంత పెద్దదిగా ఉంటుందని అతను ఊహించలేదు.

"ఇదంతా మీరు చేసిందే మేడమ్."

ఆవిడ గొడుగు తెరుచుకున్నారు. కేంద్ర బ్యాంకు భవనం పక్కనుంచే నడిచి వెళ్ళారు. లోపలికి వెళ్ళరా అని అతను అడిగాడు. అక్కడ పనేమీ లేదు కదా అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం పెద్దపెట్టె పట్టుకుని ముగ్గురూ బస్సెక్కారు. సిస్టర్ బెనెడిక్టా కూడా వచ్చింది. కొండ ఎక్కుతూ గంటన్నర ప్రయాణం. మలుపు మలుపుకీ హోటళ్ళు తగ్గి రేకుల ఇళ్ళు మొదలయ్యాయి. ఆరుబయట తీగల మీద చేపలు ఎండుతున్నాయి. ఇంటి ముందు ముసలివాళ్ళు ఊరికే కూర్చుని ఉన్నారు.

త్రినాథ్‌కు లోపల ఏదో గుచ్చుకోవడం మొదలైంది. తనను ఎందుకు తీసుకొచ్చారో అర్థమైపోయిందనుకున్నాడు. కొంచెంసేపు ఆపుకున్నాడు. తర్వాత చెప్పేశాడు.

"మేడమ్, తప్పుగా అనుకోకండి. నాకు పేదరికం చూపించక్కర్లేదు. జీడిసొనకు కాలిన మా అమ్మ చేతులు చూస్తూ పెరిగాను."

"తెలుసు," అన్నారు ఆవిడ. "అందుకు తీసుకురాలేదు."

"మరి ఎందుకు?"

"ఇవాళ ఒకావిడ చదువుతుంది. విందువుగాని."

*

బడి కొండ భుజం మీద ఉంది. రెండు గదులు, ముందు వసారా. అక్కణ్ణుంచి చూస్తే కింద రేవు అంతా అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది.

మూడు గంటలకు విద్యార్థులు రావడం మొదలైంది. త్రినాథ్ పిల్లల కోసం చూస్తున్నాడు. వచ్చినవాళ్ళందరూ నడివయసు వాళ్ళు. చాలామంది చర్చికి వేసుకున్న మంచిబట్టల్లోనే వచ్చారు. ఒక లావుపాటి బస్సు డ్రైవరు, చేపల ఫ్యాక్టరీ యూనిఫారంలో ఇద్దరు ఆడవాళ్ళు, హోటల్లో పడకలు సర్దే ఒకామె, చెయ్యి విరిగి కట్టు కట్టుకున్న ఒక తాపీమేస్త్రి. పిల్లల కోసం చేసిన బెంచీల్లో మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నారు.

సువార్తమ్మగారు పెట్టె తెరిచారు. ఒక్కొక్కరూ లేచి వచ్చి, కళ్ళజోళ్ళు పెట్టుకుని, చేతిలో కాగితం దూరంగా దగ్గరగా జరిపి చూసుకుని, తనకు సరిపోయింది తీసుకున్నారు. పాతవి తిరిగి ఇచ్చేశారు. అద్దం లేదు కాబట్టి ఎలా ఉందో పక్కవాళ్ళను అడిగారు. బస్సు డ్రైవరును చూసి అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వారు. త్రినాథ్ ఆవిడ నవ్వడం ఆరేళ్ళలో మొదటిసారి చూశాడు.

తర్వాత ఆవిడ నల్లబల్ల దగ్గరకు వెళ్ళి సుద్దముక్క అందుకున్నారు. ఆవిడ నోట ఆ దీవి భాష ధారగా వస్తోంది. తప్పు చెప్పినవాళ్ళను ఏదో అంటున్నారు, వాళ్ళు తిరిగి ఏదో అంటున్నారు. ప్రపంచంలోని గొప్ప ఆర్థికవేత్తలు ఎవరి మాటకోసం కాచుకుని ఉంటారో ఆ మనిషి, చెయ్యి విరిగిన తాపీమేస్త్రి ఎడమచేత్తో రాసిన మూడక్షరాల మాటను వంగి, శ్రద్ధగా, గింజ గింజా ఏరినట్టు చూస్తున్నారు.

త్రినాథ్ వసారాలోకి వచ్చాడు. సిస్టర్ బెనెడిక్టా అక్కడ కూర్చుని ఉంది. వీళ్ళెవరని అడిగాడు. ఆమె ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది.

డబ్బు విలువ తగ్గించిన ఐదేళ్ళకు సువార్తమ్మగారు మళ్ళీ ఇక్కడికి వచ్చారు. రెండో వ్యాసం రాయడానికి. చేతిలో ప్రశ్నల పత్రాలు ఉన్నాయి. ధరలెంత, కూలి ఎంత, ఏం తింటున్నారు, ఇలాంటివి. ఈ కొండ మీదికి వచ్చి అప్పటి హెడ్మాస్టరును కలిశారు. ఆయన ప్రశ్నలన్నీ ఓపిగ్గా చదివి పక్కన పెట్టాడు. బీరువాలోంచి రెండు హాజరుపట్టీలు తీశాడు. ఒకటి డబ్బు విలువ తగ్గించకముందుది. ఒకటి ఆ తర్వాతి ఏటిది. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని పేర్లు ఆయన చదివాడు. నలభై ఒక్క పేర్లు.

పిండి మీద రాయితీ పోయాక బడిలో మధ్యాహ్నం ఇచ్చే రొట్టె ఆగిపోయింది. ఇళ్ళల్లో కూడా లేదు. పిల్లలు చేపల షెడ్డులకు వెళ్ళారు. నాలుగేళ్ళకు మంచిరోజులు వచ్చాయి. రొట్టె మళ్ళీ వచ్చింది. కొత్త పిల్లలు బడికి వచ్చారు. వీళ్ళు రాలేదు. అప్పటికి పెద్దవాళ్ళయిపోయారు.

"హెడ్మాస్టరు ఆవిణ్ణి ఏమీ అనలేదు," అంది సిస్టర్. "ఈ పేర్లు మీ వ్యాసంలో పడతాయా అని అడిగాడు, అంతే. వ్యాసంలో పేర్లకు చోటుండదని ఆవిడ చెప్పింది. ఆయన సరేనని పట్టీలు మూశాడు. ఆవిడ ఊళ్ళోకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ కొండెక్కి వచ్చి, ఆ పేర్లన్నీ తన చేత్తో రాసుకుంది."

రెండో వ్యాసం రాయలేదు. మరుసటి ఏడు జూన్‌లో సుద్దముక్కలతో వచ్చారు. మొదట్లో ఎవరూ రాలేదు. వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆవిడ మాట అర్థంకాక వెళ్ళిపోయారు. అయినా ఆవిడ ఏటా వచ్చారు. ఇంటింటికీ వెళ్ళారు. కొందరు తలుపు వేసుకున్నారు. కొందరు కూర్చోమన్నారు. మెల్లగా ఒకరు, ఇద్దరు బెంచీల మీద చేరారు. నేర్చుకున్నవాళ్ళు మిగతా పదకొండు నెలలు పక్కవాళ్ళకు నేర్పారు.

"అందరూ వచ్చారా?" అని అడిగాడు త్రినాథ్.

ఐదుగురు చనిపోయారని, ఆరుగురు దేశం వదిలి వెళ్ళారని సిస్టర్ చెప్పింది. మిగిలినవాళ్ళలో తడుముకోకుండా చదవడం వచ్చిన రోజున ఒక్కొక్కరికీ సువార్తమ్మగారు ఒక కాగితం ఇస్తారు. అందరికీ అదే కాగితం. అది అందరి ముందూ పైకి చదవాలి. అదే పరీక్ష. చదివినవాళ్ళు చదవనివాళ్ళకు అందులో ఏముందో చెప్పరు. అలా అని ఎవరూ నియమం పెట్టలేదు. ఇప్పటికి ఇరవై ఆరుగురు చదివారు. ఒకతను చదివి, కాగితం అక్కడే చింపేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆవిడ ఇప్పటికీ ఏటా అతని ఇంటికి వెళ్తారు. అతను లోపలికి రమ్మనడు. బయట కాసేపు కూర్చుని వచ్చేస్తారు.

"ఆ కాగితం ఏమిటి సిస్టర్?"

"లోపలికి రా," అంది ఆమె. "ఒడెట్ లేచింది."

*

ఒడెట్ ఫ్యాక్టరీ యూనిఫారంలో ఉన్న ఇద్దరిలో ఒకతె. వయసు నలభై మూడు. ఆ జాబితాలో అందరికన్నా ఆలస్యంగా వచ్చిన మనిషి. ఇరవై మూడేళ్ళపాటు సువార్తమ్మగారు ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ తీరికలేదని చెప్పి పంపేసింది. నాలుగేళ్ళ క్రితం ఒక ఆదివారం తనే వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు.

ఆమె ముందుకు వచ్చి నిలబడింది. కొత్త కళ్ళజోడు సర్దుకుంది. సువార్తమ్మగారు ఒక కాగితం ఆమె చేతికిచ్చి, నల్లబల్ల దగ్గర ఉండకుండా, వెళ్ళి ఆమె ఖాళీ చేసిన చోట బెంచీ మీద కూర్చున్నారు.

ఒడెట్ కుడిచేతి చూపుడువేలు మొదటి కణుపు వరకే ఉంది. అందుకని మధ్యవేలును అక్షరాల కింద పెట్టి జరుపుకుంటూ చదివింది. గొంతు గట్టిగా ఉంది. సిస్టర్ బెనెడిక్టా త్రినాథ్ చెవి దగ్గర ఒక్కొక్క వాక్యమే ఇంగ్లీషులో చెబుతోంది.

దేశం దగ్గర ఉన్న విదేశీ ధనం మూడు వారాలకు మించి సరిపోదు, అని చదివింది ఒడెట్. డబ్బు విలువ తగ్గించడం తప్ప వేరే మార్గం లేదు. పిండి మీద ఇచ్చే రాయితీని ప్రభుత్వం భరించలేదు.

మూడో వాక్యానికే త్రినాథ్ తలెత్తాడు. ఈ మాటలు అతనికి తెలుసు. అది ముప్పై మూడేళ్ళ నాటి నివేదిక. విశ్వవిద్యాలయం లైబ్రరీలో అట్టలు ఊడిన ప్రతి ఒకటి ఉంది. ఇరవై రెండో పేజీ. ఎవరో దాన్ని వీళ్ళ భాషలోకి మార్చారు. ఎవరో ఏమిటి, ఈవిడే.

ఒడెట్ వేలు తర్వాతి వరస మీదికి వెళ్ళింది.

"స్వల్పకాలంలో ప్రజలకు కొంత ఇబ్బంది తప్పదు."

అక్కడ ఆగింది. తడుముకోలేదు. ఆ వాక్యాన్ని మనసులో మళ్ళీ చదువుకున్నట్టు పెదవులు కదిలాయి. తలెత్తి సువార్తమ్మగారిని చూసింది.

"టీచర్, స్వల్పకాలం అంటే ఎన్నాళ్ళు?"

"రాసినప్పుడు నాలుగేళ్ళు అనుకున్నాను," అన్నారు సువార్తమ్మగారు.

ఆ మాటను ఇంగ్లీషులో చెప్పబోయి సిస్టర్ ఒక క్షణం ఆగింది. ఇదివరకు చదివినవాళ్ళు తలలు వంచుకుని తమ చేతులు చూసుకుంటున్నారు. ఇంకా చదవనివాళ్ళు వాళ్ళవైపు, ఆవిడవైపు చూస్తున్నారు.

"మీరా రాసింది?" అంది ఒడెట్.

"నేనే."

ఆవిడ తొణకని గొంతుతో చెప్పారు. బెంచీలో వంగలేదు, నిటారుగానూ లేరు. పాఠం అప్పజెప్పాల్సిన పిల్లలా చేతులు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

ఒడెట్ లెక్క వేసుకుంది. "నాలుగేళ్ళకి నాకు పద్నాలుగు. అప్పటికి షెడ్డులో పాతదాన్నే. ఈ వేలు అప్పటికే పోయింది."

ఒడెట్ చాలాసేపు ఆవిడ మొహంలోకి చూసింది. కింద రేవులో ఏదో ఓడ కూత వేసింది. ఈమె కాగితం చింపుతుందనుకున్నాడు త్రినాథ్. ఏడుస్తుందనుకున్నాడు. తను ఎటు చూడాలో తెలియలేదు.

"ఇంకో వరస ఉంది," అంది ఒడెట్. "చదవనా?"

"చదువు."

ఆమె వేలు జరిపి, ఎక్కడా ఆగకుండా, ముందటికన్నా స్పష్టంగా చదివింది. "దీర్ఘకాలంలో దేశం కోలుకుంటుంది."

చదివి కళ్ళజోడు పైకి తోసి కిటికీలోంచి కిందికి చూసింది. క్రేన్లు, గొట్టాల్లో ఆవిరి, తెల్లటి హోటళ్ళు.

"కోలుకుంది," అంది. "అది నిజమే."

తర్వాత ఆ కాగితం తను ఉంచుకోవచ్చా అని అడిగింది. అది నీదేనన్నారు సువార్తమ్మగారు. ఒడెట్ దాన్ని నాలుగు మడతలు పెట్టి యూనిఫారం జేబులో పెట్టుకుంది. ఐదింటికి షిఫ్టు ఉందని చెప్పి బయల్దేరింది. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, సువార్తమ్మగారు లేవడానికి చెయ్యి అందించింది. చిన్నపిల్లల బెంచీ, ఆవిడ మోకాళ్ళు ఇరుక్కుపోయి ఉన్నాయి.

*

తిరుగు బస్సులో త్రినాథ్ సగం కొండ దిగాక అడిగాడు.

"అయితే ఆ సలహా తప్పంటారా మేడమ్?"

"కాదు. మేం ఆ మాట చెప్పకపోతే ఓడ వెనక్కి వెళ్ళిపోయేది. ఇవాళ అడిగినా అదే రాస్తాను."

అతని పక్కసీటులో తాపీమేస్త్రి తన పలక ఒళ్ళో పెట్టుకుని, తను రాసిన మాట మీద చెయ్యి పడకుండా జాగ్రత్తగా పట్టుకుని ఉన్నాడు.

మర్నాడు పొద్దున వసతిగృహం భోజనబల్ల దగ్గర కూర్చుని తన ముసాయిదా బయటికి తీశాడు. తన దగ్గర ఇంకో ప్రతి ఉంది. పదిహేడో పేజీ తిప్పాడు. అక్కడ స్వల్పకాలపు ఇబ్బంది గురించి అతను రాసిన వాక్యం ఉంది. సువార్తమ్మగారి నివేదికలోంచి తీసుకున్నది కాదు. తనే రాశాడు. ఆవిడదానికన్నా పొడుగ్గా, ఇంకా నేర్పుగా ఉంది. రాసినరోజు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుని సంతోషించాడు కూడా.

కలం తీసి కొట్టేయబోయాడు. కానీ అందులో అబద్ధం ఏమీ లేదు. కొట్టేస్తే అది అబద్ధమవుతుంది. ఉంచితే ఏమవుతుందో నిన్న చూశాడు. పక్కన ఇంకేదైనా రాద్దామని కలం పట్టుకున్నాడు. తను సలహా చెప్పబోతున్న దేశంలో ఒక్క ఊరి పేరు కూడా జ్ఞాపకం రాలేదు. రాజధాని, రేవు, ఈ రెండే తెలుసు. ఆ దేశం గురించి ముప్పై ఏళ్ళ అంకెలు అతని తలలో ఉన్నాయి. ఒక్క మనిషి పేరు లేదు.

ఫలహారం పళ్ళాలు తీసేశారు. బల్ల తుడిచారు. మధ్యాహ్నం భోజనాలకు మళ్ళీ పళ్ళాలు పెట్టారు. అతను అదే పేజీ ముందు కూర్చునే ఉన్నాడు. సిస్టర్ బెనెడిక్టా ఒకసారి వచ్చి చూసి, పలకరించకుండా, అతని ముందు మంచినీళ్ళు పెట్టి వెళ్ళింది.

సువార్తమ్మగారు తల తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. చేతిలో ఒక కవరు ఉంది. అది అతని ముందుకు జరిపారు. సంస్థకు రాసిన సిఫారసు లేఖ. అతను ముసాయిదా ఇచ్చిన వారానిదే తారీఖు వేసి ఉంది. కింద ఆవిడ సంతకం.

"లెక్కలు బాగా వచ్చాయి," అన్నారు. "నీ వయసులో నేను ఇంత బాగా కట్టలేదు. పంపించు."

త్రినాథ్ కవరు వైపు చూశాడు. తీసుకోలేదు.

"మేడమ్, అక్కడి జనం ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కూడా నాకు తెలియదు."

ఆవిడ అన్నం వడ్డించుకుంటున్నారు.

"ఒక భాష నేర్చుకోవడానికి ఎంతకాలం పడుతుంది?"

"ఇక్కడిది నాకు పదకొండేళ్ళు పట్టింది," అన్నారు సువార్తమ్మగారు. గిన్నె అతనివైపు జరిపారు. "నువ్వు నాకన్నా చురుకైనవాడివి."